మూడో బిందె ఇంకో నూతికి

నీళ్ళ సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు
జవాబులు: తాగునీటి పథకాల్లో 34 ఏళ్ళు పనిచేసి రిటైరైన ఇంజనీరు, టెక్కలి

ప్రశ్న: ఇంజనీరు గారికి నమస్కారం. మాది సంతబొమ్మాళి మండలంలో ఒక చిన్న లంక ఊరు. తూర్పున సముద్రం, మిగతా మూడు వైపులా ఉప్పుటేరు. ఎండాకాలం మోకాలి లోతులో నడిచి దాటేస్తాం గానీ వానలు మొదలైతే పడవే గతి. అడ్డంగా నడిస్తే పది నిమిషాల్లో ఊరు అయిపోతుంది. 110 గడపలు. నేను కోడలిగా వచ్చి 22 ఏళ్ళయింది. అప్పట్లో అందరం నేలనూతుల నీళ్ళే తాగేవాళ్ళం. మా అత్త లెక్కలో ఊరికి ఏడు నూతులు: పెద్దనుయ్యి, మొగలినుయ్యి, కోడలినుయ్యి, గుడినుయ్యి, దిబ్బనుయ్యి, సరుగుళ్ళ నుయ్యి. తర్వాత బోరు, ట్యాంకు, కుళాయిలు వచ్చాయి. నూతుల్లో చెత్త పోసేశారు. ఇప్పుడా బోరు నీళ్ళు నోట పెట్టలేం. ట్యాంకరు ఏటి అవతలే ఆగిపోతుంది. పడవలో తెచ్చుకుంటే బిందెకి పది రూపాయలు.

మా డ్వాక్రా సంఘం వాళ్ళం పాత నూతులు బాగుచేయిద్దాం అంటున్నాం. మా బావగారు వార్డు మెంబరు. "200 అడుగుల బోరు ఇంకోటి వేస్తే మంచినీళ్ళు అవే తగులుతాయి, ఇంకా నూతులేమిటి" అంటారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. మా అత్తేమో "ఇంటికి ఒక నూతిలో రెండు బిందెలే తోడాలి, మూడో బిందె ఇంకో నూతికి పోవాలి" అంటుంది. ఆవిడకి వాళ్ళ అత్త చెప్పిందట. అది చాదస్తమా, అందులో ఏమైనా ఉందా? నూతులు తీస్తే నీళ్ళు మళ్ళీ తియ్యగా వస్తాయా? ఉద్దానంలోలా కిడ్నీ జబ్బులు వస్తాయేమోనని కూడా టెన్షన్‌గా ఉంది.
- ఒక డ్వాక్రా సంఘం లీడరు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారం చెప్పండి. మూడో బిందె లెక్క చాదస్తం కాదు. అది నాకు తలకెక్కడానికి చదువూ ఉద్యోగమూ కలిపి పదిహేనేళ్ళు పట్టింది. అదీ ఒక ఊరి నీళ్ళు పాడుచేశాక.

ఆ సంగతి దాచి మీకు సలహా చెప్పడం బాగుండదు. 1997 వేసవిలో, మీ ఊరిలాంటిదే ఒక ఇసుక ఊళ్ళో, 60 అడుగుల బోరు వేయించి ఐదు హార్స్‌పవర్ మోటారు పెట్టించినవాణ్ణి నేనే. మొదటిరోజు కుళాయి తిప్పితే నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. నాకు శాలువా కప్పారు. కావిడి మోసి బతికిన ముసలాయన ఒకడు పక్కకి పిలిచి, "బాబూ, గంగమ్మని ఇంత గబగబా తాగేస్తే ఊరుకుంటుందా?" అన్నాడు. నవ్వేశాను. మూడేళ్ళు బాగానే నడిచింది. నాలుగో వేసవిలో ఆ ఊరి ఆడవాళ్ళు కబురు పెట్టారు, పప్పు ఉడకడం లేదని. ఆ మాటతో మేలుకోవలసింది. మేలుకోలేదు. ఏదో పప్పు పాతదయి ఉంటుందనుకున్నాను. ఆ తర్వాత టీ విరిగిపోతోందన్నారు. అప్పుడు వెళ్ళి ఏం చేశానో తెలుసా? మోటారు ఇంకో పది అడుగులు కిందికి దింపించాను. ఏడాది తిరక్కుండా ఆ నీళ్ళు పశువులు కూడా ముట్టలేదు.

నేను చేసిన తప్పు ఏమిటంటే, నేల కింద ఏదో చెరువు ఉంది, లోతుకి పోయే కొద్దీ నీళ్ళు ఎక్కువ అనుకోవడం. టెక్కలి మెట్టలో అది కొంతవరకు నిజం. మీ లంకలో కాదు. మీ ఊరి కింద ఉన్న మంచినీళ్ళు ఎక్కడినుంచో పారివచ్చినవి కావు. మీ ఊరి మీద కురిసిన వానే. మన జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. అందులో కొంత ఇసుకలో ఇంకి, అడుగున ఉన్న సముద్రపు నీటిమీద తేలుతూ ఉంటుంది, పాలమీద మీగడలాగ. వెయ్యి లీటర్ల మంచినీళ్ళు వెయ్యి కిలోలు తూగితే, అంతే సముద్రపు నీళ్ళు సుమారు 1,025 కిలోలు తూగుతాయి. ఆ పాతిక కిలోల తేడా మీదే మీ ఊరు బతికింది.

ఆ తేడా వల్ల ఒక లెక్క వస్తుంది. మంచినీటి మట్టం సముద్రం కంటే ఒక అడుగు ఎత్తులో ఉంటే, సముద్రమట్టానికి కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్ళు ఉంటాయి. మనం తోడి తోడి ఆ పై అడుగుని అర అడుగు చేస్తే, కింద 40 కాస్తా 20కి వస్తుంది. 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మన్ ఇంజనీరు, నార్త్ సీలో నార్డర్నై అనే ఇసుక దీవి నీళ్ళు చూసి ఈ లెక్క రాశాడు. అంతకు ముందే బాడన్ ఘైబెన్ అనే డచ్చి సైనిక ఇంజనీరు కూడా ఇదే చెప్పాడు. పుస్తకాల్లో ఇద్దరి పేర్లూ కలిపి ఉంటాయి. మీ అత్తగారి అత్తగారి పేరు కూడా ఉంటే బాగుండేది.

లెక్కలో 40 అడుగులు అన్నాను గానీ, మంచినీళ్ళకీ ఉప్పునీళ్ళకీ మధ్య గీత గీసినట్టు ఉండదు. కింది భాగమంతా సగం మంచినీళ్ళు, సగం ఉప్పునీళ్ళుగా కలిసిపోయి ఉంటుంది. పైగా పది నిమిషాల్లో దాటేసే ఊళ్ళో మట్టం సముద్రం కంటే అడుగు, మహా అయితే రెండడుగులు ఎత్తు ఉంటుంది. అలాంటి చోట ఒకే బోరుతో జోరుగా లాగితే, మోటారు కింద ఉప్పునీరు చీమలపుట్టలా పైకి లేస్తుంది. ఒకసారి లేచిన పుట్ట మోటారు ఆపగానే దిగిపోదు. నెలలు, ఒక్కోసారి రెండు మూడు వానాకాలాలు పడుతుంది. మీ బావగారి 200 అడుగుల బోరు మీగడ దాటి నేరుగా పాలలోకి పోతుంది. అయితే ఆయన మాట పూర్తిగా కొట్టెయ్యను. కొన్ని తీరాల్లో ఉప్పుపొర కింద బంకమట్టి, దాని కింద మళ్ళీ మంచినీళ్ళు ఉన్న చోట్లు ఉన్నాయి. డబ్బు పెట్టే ముందు రెసిస్టివిటీ సర్వే చేయించమనండి. నేలలోకి కరెంటు పంపి ఏ లోతులో ఉప్పుందో చెప్పే పరీక్ష అది. అది లేకుండా బోరు వేస్తే లాటరీ టికెట్టు కొన్నట్టే. ఇంకొకటి, నీరు, నేల, చెట్ల రక్షణకి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఊరి తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపు ఇష్టమొచ్చినట్టు బోరు దింపడానికి లేదు.

ఇప్పుడు మూడో బిందె చూద్దాం. ఇంటికి ఆరు బిందెలు, బిందెకి 15 లీటర్లు వేసుకుంటే 110 ఇళ్ళకి రోజుకి 9,900 లీటర్లు. ఏడు నూతులకి పంచితే ఒక్కో నూతికి 1,400 చిల్లర. అదీ తెల్లారి నుంచి పొద్దుగూకేదాకా, చేదతో, మధ్య మధ్య కబుర్లు చెప్పుకుంటూ తోడేది. అంత నీరూ నా మోటారు ఒక్కచోటే, ఓ గంటలో లాగేసేది. నీళ్ళు అవే, ఊరు అదే. లాగే తీరే ఊరిని ముంచింది. ఏడు చోట్ల పైపైన మీగడ తీసుకున్నారు మీ పెద్దలు. నేను కవ్వం వేశాను.

కాబట్టి నూతులు తీయించండి. కానీ ఇంకా లోతు తవ్వించవద్దు. బాగుచేయడం అనగానే మనవాళ్ళకి లోతు తవ్వడమే గుర్తొస్తుంది. మే నెలాఖరులో నీరు బాగా దిగినప్పుడు పని మొదలుపెట్టి, అప్పుడున్న మట్టానికి రెండు మూడు అడుగులు కిందకి మించి పోకుండా ఆపండి. లోతుకి బదులు వెడల్పు ఇవ్వండి. పూడిక తీయడానికి మోటారు పెట్టొద్దు. నీరు గభాలున ఖాళీ చేస్తే ఇసుక గోడ లోపలికి జారుతుంది, మనిషి లోపల ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. చెత్త కుళ్ళిన నూతిలో గాలి విషమవుతుంది. దీపం దించి చూడండి. దీపం ఆరకపోయినా సరే, నడుముకి తాడు కట్టకుండా, పైన ఇద్దరు నిలబడకుండా ఎవరినీ దిగనివ్వకండి. ఇది నేను బతిమాలి చెప్తున్న మాట.

చుట్టుకి సిమెంటు వరలు చాలు. అడుగు వరకి చిల్లులు పెట్టించి, దాని వెనక గులకరాళ్ళు పోయించండి. నేల మీద మూడడుగుల గోడ, చుట్టూ నాలుగైదడుగుల సిమెంటు గచ్చు, వలికిన నీళ్ళు దూరంగా పోయే కాలువ. నూతికి ఒకటే చేద, ఒకటే తాడు. ఎవరి బొక్కెన వాళ్ళు తెచ్చి వెయ్యకూడదు. పూర్వం కొన్ని ఊళ్ళలో ఈ 'ఒకటే చేద' దగ్గరే కులాల తగువు వచ్చేది, ఎవరు ముట్టుకోవాలీ ఎవరు కూడదూ అని. మీ సంఘం ఆ తగువుని పాత నూతుల్లోంచి తోడి బయట పారెయ్యాలి. పాతవన్నీ తిరిగి తెచ్చుకోనక్కర్లేదు.

ఇసుక నేలలో మురుగు మహా వేగంగా పాకుతుంది. మరుగుదొడ్డి గుంత నూతికి కనీసం 50 అడుగులు ఎడంగా ఉండాలంటారు. మీ ఊళ్ళో నేనైతే వంద అడుగులు అడుగుతాను. దానికి కుదరని నూతుల్ని తాగడానికి వాడకుండా గిన్నెలకీ బట్టలకీ వదిలెయ్యండి.

నీళ్ళు తియ్యగా వస్తాయా అని అడిగారు. బోరు ఆపకపోతే రావు. అది ఆపి, రెండు వానాకాలాలు ఓర్చుకుంటే వచ్చే అవకాశం బాగానే ఉంది. ఊరి మధ్యలో, ఏటికీ సముద్రానికీ దూరంగా ఉన్నవి ముందు కోలుకుంటాయి. మీగడ అక్కడే మందం. మీరు రాసిన పేర్లని బట్టి దిబ్బనుయ్యి మీద నాకు నమ్మకం ఎక్కువ. దిబ్బ ఎత్తుగా ఉన్నచోట వాన ఎక్కువ నిలుస్తుంది. అందుకే ఆ దిబ్బ ఇసుక లారీవాళ్ళకి, పడవవాళ్ళకి అమ్మనివ్వకండి. దిబ్బ మీద మొగలి పొదలు ఉంటే నరకొద్దు, గాలికి ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేవి అవే. దిబ్బ వెనక పల్లంలో వాననీరు నిలిచే బంద ఒకటి ఉండే ఉంటుంది, మీరు రాయలేదు. దాన్ని పూడ్చి కల్యాణమండపం కట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే ఆపండి. ఆ బంద నిండితేనే కింద మీగడ కడుతుంది.

నోటికి తెలిసే ఉప్పు వేరు, మీటరుకి తెలిసే ఉప్పు వేరు. నీళ్ళలో కరిగిన ఉప్పులన్నీ కలిపి ఎంతో చూపించే, పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. సంఘం డబ్బుతో ఒకటి కొనండి. నెలకోసారి ప్రతి నూతిలోనూ ముంచి నోటుపుస్తకంలో రాయండి. తాగునీటికి మన దేశపు ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు. వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటారు. అంకె పెరుగుతోందంటే ఆ నూతికి కొన్నాళ్ళు సెలవు. ఏ నూతిలో ఎన్ని బిందెలో మీ అత్తగారు నాలుకతో నిర్ణయించేవారు, మీరు మీటరుతో నిర్ణయిస్తారు, అంతే తేడా.

మీ బావగారికి మోటారు లేకపోతే మనసొప్పదంటే ఒక దారి ఉంది. పసిఫిక్ మహాసముద్రంలో కిరిబాటీ దేశం, తరావా దీవిలో బోన్రికి అనే చోట, బోర్లకి బదులు చిల్లుల పైపుల్ని నీటిమట్టానికి కాస్త కిందగా అడ్డంగా, చాలా పొడవున పరిచారు. నిలువుగా గుచ్చకుండా అడ్డంగా పైపైన తీసుకోవడం. మీరు కూడా రెండు మూడు నూతుల మధ్య అలాంటి పైపు పరిచి, అర హార్స్‌పవర్ మోటారుతో రోజుకి ఇన్ని గంటలని కట్టడి పెట్టుకోవచ్చు. ఆయన మోటారు ఆయనకి ఉంటుంది, మీ నూతులు మీకుంటాయి. సముద్రపు నీళ్ళు మంచినీళ్ళు చేసే ప్లాంటు సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. లక్షద్వీప్‌లో కవరత్తిలో 2005లో రోజుకి లక్ష లీటర్ల ప్లాంటు పెట్టారు, నడుస్తోంది. కానీ దాని వెనక కేంద్రప్రభుత్వ సంస్థ, దాని కరెంటు, దాని ఇంజనీర్లు ఉన్నారు. 110 గడపల పంచాయతీకి అది తెల్లఏనుగు.

తాగడానికి మట్టుకు నేను నూతికంటే పైకప్పుని ఎక్కువ నమ్ముతాను. బెర్ముడా దీవుల్లో ఏర్లు లేవు. ప్రతి ఇంటి కప్పూ మెట్లు మెట్లుగా కట్టి, సున్నం కొట్టి, వానంతా ఇంటి కింది తొట్టిలోకి మళ్ళిస్తారు. అక్కడ అది చట్టం. మీ ఇంటి శ్లాబు 40 చదరపు మీటర్లు అనుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లలో ఐదో వంతు పోయినా 32,000 లీటర్లు మీ కప్పు మీదే పడుతున్నాయి. నలుగురికీ కలిపి తాగడానికీ వంటకీ రోజుకి 20 లీటర్లు చొప్పున, డిసెంబరు నుంచి మే దాకా ఆరునెలలకి కావలసింది 3,600. నాలుగు వేల లీటర్ల తొట్టి ఒకటి కట్టుకుంటే ఎండాకాలం పడవ బిందెలు తప్పుతాయి. మొదటి రెండు వానలు కప్పు కడగడానికి వదిలెయ్యండి. తొట్టికి మూత, మూతకి దోమలు దూరని జాలీ. రేకు కప్పులవాళ్ళు రేకు ఎలాంటిదో చూసుకుని అప్పుడు మొదలుపెట్టాలి, పాత ఆస్బెస్టాస్ అయితే ఆ నీళ్ళు తాగడానికి వద్దు.

కిడ్నీ భయం సంగతి. ఉద్దానంలో ఆ జబ్బుకి ఇదే కారణమని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. అందుకని నూతినీళ్ళు తాగితే వస్తుందనీ అనను, రాదనీ అనను. తాగే ముందు ప్రతి నూతినీళ్ళూ ప్రభుత్వ ల్యాబులో ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరైడులకి పరీక్ష చేయించండి. ఫ్లోరైడు లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటితే తాగడానికి పనికిరాదు. నైట్రేటు హద్దు 45. ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పటి నీళ్ళు అసలే వద్దు. ఉద్దానానికి హిరమండలం రిజర్వాయరు నీళ్ళు పైపుల్లో ఇస్తున్నారు కదా. అలాంటి పైపు ఎప్పటికైనా మీ ఏరు దాటి వస్తే హాయిగా ఆ నీళ్ళు తాగండి. నూతులు అప్పుడూ ఉంచండి, తుపానుకి పైపు తెగిన వారం రోజులకి.

అన్నట్టు, మీ అత్తగారి లెక్కలో ఏడు నూతులన్నారు. ఉత్తరంలో పేర్లు ఆరే ఉన్నాయి, రెండుసార్లు లెక్కపెట్టాను. ఆ ఏడోది ఎక్కడో ఆవిణ్ణి అడిగి రాయండి. ఎవరి ఇంటి కిందకో పోయి ఉంటే ఆ ఇంటివాళ్ళతో తగువు పెట్టుకోకుండా రాయండి.

ప్రశ్న: తుపానుకి కెరటాలు వచ్చి మా పెరటి నూతిలో సముద్రపు నీళ్ళు పడ్డాయి. మోటారు పెట్టి మూడు రోజులు వరసగా తోడేస్తే బాగవుతుందని అందరూ అంటున్నారు. నిజమేనా?
- పూసపాటిరేగ మండలం, విజయనగరం జిల్లా

జవాబు: వద్దు నాయనా. పడ్డ ఉప్పునీళ్ళు, చెత్త ఒక్కసారి మెల్లగా తోడెయ్యండి, అక్కడితో ఆపండి. 2004 సునామీ తర్వాత శ్రీలంక తూర్పు తీరంలో చాలా నూతుల్ని ఇలాగే పదే పదే తోడించారు. అలా తోడితే కింది ఉప్పు పైకి వస్తుందే తప్ప పైది పోదు, గోడలు కూడా కూలతాయి. ఉప్పుని దింపేది వానే. నాలుగు మంచి వానలు పడేదాకా ఆ నీళ్ళు వాడకానికి ఉంచుకోండి.

క్రిములకి మాత్రం ఆగక్కర్లేదు. నూతి వెడల్పుని వెడల్పుతోనే హెచ్చవేసి, దాన్ని నీటి లోతుతో, తర్వాత 785తో హెచ్చవేయండి. కొలతలు మీటర్లలో తీసుకుంటే వచ్చేది లీటర్లు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు. మూడు మీటర్ల వెడల్పు, మీటరున్నర నీళ్ళు ఉంటే 10,600 లీటర్లు, 27 గ్రాములు. తుపాను నీళ్ళు మురికిగా ఉంటాయి కాబట్టి మొదటిసారి రెట్టింపు వెయ్యండి. పౌడరు బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రం పొద్దుగూకాక నూతిలో పోసి, పొద్దున్న తోడుకోండి. గుప్పిళ్ళతో విసరకండి. ఆ సున్నం నూతి అడుగున పేరుకుపోవడమే గానీ లాభం లేదు.

ప్రశ్న: మా ఊళ్ళో ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తాడు. అది నిలబడ్డ చోట తవ్వితే నీళ్ళు పడుతున్నాయి. ఇప్పటిదాకా ఒక్కటీ తప్పలేదు. మీరు నమ్ముతారా?
- కవిటి మండలం

జవాబు: మీది ఇసుక నేల. కొబ్బరికాయ నిలబడ్డ చోట తవ్వండి, పడిపోయిన చోట తవ్వండి, ఆయన భోజనానికి కూర్చున్న చోట తవ్వండి, నీళ్ళు పడతాయి. ఆయన్ని ఒక్క మాట అడిగి చూడండి: ఆ నీళ్ళు పదేళ్ళ తర్వాత ఎన్ని బిందెలు తియ్యగా ఉంటాయో కాయ చెబుతుందా అని. చెప్పకపోతే కాయ కొట్టి ప్రసాదం పంచుకోండి, టీడీఎస్ మీటరు కొనుక్కోండి.